మబ్బు పడితే పడకేసే ఫోన్లు

ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, శాలినికి గుండె జారిపోతోంది.

మబ్బు పట్టిన రోజు తాతాజీ గారి ఆఫీసులో ఫోన్లు పడకేస్తున్నాయి. ఎండ కాస్తే మళ్లీ లేచి కూర్చుంటున్నాయి.

తాతాజీ గారికి ఏలూరులో ఆఫీసు, తాడేపల్లిగూడెంలో మేత గోడౌను, గణపవరం చుట్టూ ఆరు రొయ్యల చెరువులు. వీటన్నిటినీ ఇంటర్నెట్ ఫోన్లతో కలపడం, ఫోన్ల కంపెనీలో కొత్తగా చేరిన శాలిని సొంతంగా చేపట్టిన మొదటి పని. ఇది నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికే.

అందుకే ముందుగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగింది. ఎవరితో మాట్లాడతారు, ఏ వేళప్పుడు, ఎంతసేపు? ఒకేసారి ఎన్ని ఫోన్లు నడుస్తాయో తెలిస్తే గానీ ఎంత పెద్ద సర్వరు, ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో తేలదు.

“బ్యాండ్‌విడ్త్ అంటే ఏంటండీ అమ్మాయిగారూ?” అన్నారు తాతాజీ గారు.

“మీ చెరువులకి నీళ్లొచ్చే బోదె వెడల్పు లాంటిదండీ. పట్టేదానికంటే ఎక్కువ నీళ్లు వదిలితే గట్టు తెగుతుంది కదా.”

“అలాగా! అయితే నన్ను లెక్కలో వేసుకోకండి. నాకు ఫోనులో మాట్లాడ్డమంటే చిరాకండీ. ఒక్క ముక్క మాట్లాడను.”

అది నిజమే. ఆయన ఫోనులో మాట్లాడగా చూసినవాళ్లు లేరు. ఆయన బల్ల మీద ఊరికే ఒక ఫోను పెట్టి, లెక్కలో మాత్రం ఆయన్ని వదిలేసి, మిగిలినవాళ్లకు ధారాళంగా లైన్లు పెట్టింది. చెరువుల దగ్గర కాపలావాళ్ల చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయని, కాల్ వస్తే అక్కడి ఫోన్లు వాటంతటవే ఎత్తుకునేలా చేసింది. అందరికీ బటన్లు నేర్పింది. పదిమందిని ఒకేసారి కలిపే కాన్ఫరెన్స్ దగ్గరికొచ్చేసరికి స్టాఫంతా ఆవలించారు. తాతాజీ గారొక్కరే ముచ్చటపడి మళ్లీ చెప్పించుకున్నారు.

ఎండలున్నన్నాళ్లూ అంతా బ్రహ్మాండం. ముసురు పట్టింది, పరువు పోయింది. పొద్దెక్కేసరికి లైన్లన్నీ నిండిపోతున్నాయి. గూడెం నుంచి మేత లారీ బయల్దేరిందని చెప్తే, ఏలూరుకి సగం లారీయే వినపడుతోంది.

సర్వరులో చూస్తే చెరువుల దగ్గరి ఫోన్లన్నీ బిజీ. శాలిని తోమా అనే కాపలాదారుని సెల్లులో పట్టుకుంది.

“ఎవరితోనండీ ఆ కబుర్లు?”

“దేవుడి తోడండీ, నేనసలు నోరే విప్పలేదు!”

అయితే దొంగ వానే. తడికి ఫోన్లలో ఏదో అంటుకుపోతోంది. శాలిని గణపవరం వెళ్లి, నీళ్లు చిలికే ఏరేటర్ల హోరులో, బురదలో జారుతూ గట్లన్నీ తిరిగింది. ఫోన్లకు ప్లాస్టిక్ కవర్లు తొడిగింది. యాంటెన్నాల వైర్లు మార్చింది. మర్నాడు ఎండ కాసింది, ఫోన్లు మోగాయి. సంబరంగా ఆఫీసంతా స్వీట్లు పంచింది. ఆ మర్నాడు మళ్లీ మబ్బు. స్వీట్లు తిన్న నోళ్లే నవ్వాయి.

తాతాజీ గారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ముసురు రోజుల్లో ఆయన అందరికంటే ముందొచ్చి, హెడ్‌సెట్ తగిలించుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవారు. మధ్యమధ్య తల కూడా ఊపేవారు. తన కొంప మునుగుతుంటే ఈయనకు పాటలేమిటని శాలినికి ఒళ్లు మండిపోయేది.

చివరికి శాలిని కంపెనీ మేనేజరు ఆనంద్ పాల్ జీపు వేసుకుని వచ్చేశాడు. “ఇంక చాలమ్మా. సామాను సర్దేద్దాం.”

బయట చినుకులు. శాలిని కళ్లు తుడుచుకుని, ముందుగా తాతాజీ గారి బల్ల మీది వైరు అందుకుంది. ఆయన ఉలిక్కిపడి హెడ్‌సెట్ రెండు చేతులా పట్టుకున్నారు.

“అయ్యయ్యో, తీయకండి!”

“లైన్లు చాలట్లేదండీ. నా లెక్క తప్పింది. అన్నీ పట్టుకుపోతున్నాం.”

“చాలకపోవడమేంటండీ, నాకు భేషుగ్గా పనిచేస్తుంటేనూ!”

“మీరసలు ఫోనే మాట్లాడరు కదండీ!”

“మాట్లాడనండీ, ఒట్టు! మబ్బు పట్టిన రోజు ఏరేటరు ఆగిందంటే గాలందక రొయ్యంతా చచ్చిపోద్దని, పొద్దున్నే ఆరు చెరువుల ఫోన్లూ మీరు నేర్పిన కాన్ఫరెన్స్‌లో కలిపేసుకుని, సాయంత్రందాకా ఆ ఏరేటర్ల చప్పుడు వింటూ కూర్చుంటానంతే!”