మడిచిన పేజీ

జమ్మికుంటలో తాము చదివిన బడికి కప్పు వేయించాలని పూర్వ విద్యార్థులు ఒక సాయంత్రం చందాల సభ పెట్టారు. వాళ్లలో ఒకడైన చారిత్రక నవలాకారుడు తన కొత్త నవల మీద సంతకాలు పెట్టి ఇస్తున్నాడు.

వరుసలో చివరికి సంతోషమ్మ వచ్చింది. వాళ్లు చదివే రోజుల్లో బడిగంట కొట్టింది ఆమే.

"మా బాపు పేతురు పేరు గిండ్ల ఉన్నదట గద సారూ! రజాకార్లకు దొర్కకుంట ఊరోళ్లను దాసిండని అప్పట్ల మీకు నేనే జెప్పిన. నాకు సదువు రాదు. జర సదివి ఇనిపియ్యుండ్రి."

ఆయన పేజీ తీశాడు. కథకు ఒక ద్రోహి కావలసి వచ్చినప్పుడు ఆమె తండ్రి పేరు నచ్చి పెట్టుకున్నాడు. ఆ పేజీలో పేతురు ఊరివాళ్లను రజాకార్లకు పట్టిస్తున్నాడు.

ఆమె ప్రార్థనకు నిలబడ్డట్టు కళ్లు మూసుకుంది.

అక్షరాల మీద నుంచి చూపు ఎత్తకుండా, ఆమె చెప్పిన కథనే ఆమెకు చదివినట్టు చెప్పాడు.

సంతోషమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పేజీ మూల తానే మడిచి, పుస్తకాన్ని బైబిలు సంచిలో పెట్టుకుంది.

"రేపు ఆయితారం గద సారూ. చర్చిల పాస్టరయ్యతోని అందరి ముంగట గిదే సదివిస్త."