నూకరత్నం వేసుకున్న మార్కులు

ప్రతి టర్ములోనూ అందరికన్నా తక్కువ మార్కులొచ్చిన వాళ్ళని చదువు మాన్పించి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పంపాలని రూలు. క్లాసుకి ఒక్కరు. ఎవరికి ఏ రకం పరీక్ష పెట్టాలన్నది మాత్రం టీచరు ఇష్టం. బల్ల మీది కంప్యూటరు తెర ఒక్కో పేరూ చూపించి ఏ పరీక్షని అడుగుతుంది, హైమవతి టీచరు వేలితో నొక్కుతుంది.

చైర్మన్‌గారబ్బాయికి రాతపరీక్ష పెడితే సున్నా ఖాయం. అందుకని తోటిపిల్లల చేత మార్కులు వేయించింది. వాడంటే అందరికీ హడల్. పదికి పది పడ్డాయి.

నూకరత్నం రాతలోనూ ఫస్టే, నోటితో చెప్పడంలోనూ ఫస్టే. కానీ ఏదడిగినా ముందు "నాకేం రాదండి" అంటుంది. టీచరు ఆమెకి స్వీయ మూల్యాంకనం నొక్కింది.

"నీ మార్కులు నువ్వే వేసుకోవే. పొగరు చూపించకు."

నూకరత్నం చాలాసేపు ఆలోచించి రెండు వేసుకుంది.

"ఎక్కువయ్యాయాండీ?"

"సరిపోయాయి. గుడ్!"

తనకి తాను వేసుకున్న మార్కుల మీద ఫిర్యాదు చెల్లదు. సాయంత్రానికి షెడ్డు వ్యాను వచ్చింది.

ఎక్కుతూ నూకరత్నం డ్రైవరుతో మురిపెంగా చెప్పింది. "మా టీచరు నన్ను గుడ్ అన్నారండి."

"లోపలున్నోళ్ళందర్నీ వాళ్ళ వాళ్ళ టీచర్లు అన్నార్లే. జరిగి కూర్చో."