విడివిడిగా అడిగే ప్రశ్నలు

"మీ ఆవిడ టీలో పంచదార ఎన్ని చెంచాలు వేసుకుంటారు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "అందరూ వేసుకున్నంతే."

"అందరూ అంటే?"

"రెండు అనుకోండి."

వీసా ఏజెంటు కాగితం మీద రెండు అని రాసుకున్నాడు. అతని పద్ధతి ఒక్కటే. ముందు ప్రశ్నలు, తర్వాతే ఫారం. భార్యాభర్తలు కలిసి వెళ్తామంటే కాన్సులేటు వాళ్లు ఇద్దరినీ వేరు వేరు కిటికీల దగ్గర నిలబెట్టి ఇలాంటివే అడుగుతారు. అందుకని అతనూ ఒకరిని లోపల కూర్చోబెట్టి, రెండోవారిని అద్దం తలుపు అవతల బెంచీ మీద ఉంచుతాడు.

"ఆవిడకి కళ్లజోడు ఉందా?"

"లేదు."

అద్దం అవతల ఆవిడ కళ్లజోడు సర్దుకుని గోడ మీది నోటీసు చదువుతోంది. ఏజెంటు అటే చూస్తూ ఉండిపోయేసరికి ఆయనా తల తిప్పి చూశాడు.

"చదవడానికి పెట్టుకుంటుంది కాబోలు."

"ఏం చదువుకున్నారు?"

"డిగ్రీ."

"ఏ డిగ్రీ?"

"మామూలు డిగ్రీయేనండీ. ఇవన్నీ అడుగుతారా వాళ్లు?"

"ఇంతకన్నా ఎక్కువే అడుగుతారు. ఎందుకు వెళ్తున్నారు మీరు?"

"వాళ్ల చెల్లెలికేదో ఆపరేషనట. చూసి పదిహేను రోజుల్లో వచ్చేస్తాం."

"దేనికి ఆపరేషను?"

"ఆ సంగతులన్నీ తనే చూసుకుంటుంది. తననే అడగండి."

ఏజెంటు పెన్ను మూత పెట్టాడు. ముందున్న కాగితాల్లో పెళ్లి రిజిస్ట్రేషను పత్రం మీద ముద్ర మూడు వారాల కిందటిది. పాస్‌పోర్టులు రెండూ కొత్తవే.

"కాగితం కొత్తగా ఉందే," అన్నాడు.

"ఫోన్లో మీరు కావాలన్నారనేగా పరుగెత్తి చేయించాం."

అదే ఏజెంటుకు నచ్చలేదు. కిందటేడు ఇలాగే ఒక యాభయ్యేళ్ల పెద్దమనిషి కొత్త కాగితంతో ఒకావిణ్ణి భార్య అంటూ వెంటబెట్టుకొచ్చాడు. విమానం దిగిన మూడో రోజే ఇద్దరూ చెరో దారి పట్టి మాయమయ్యారు. ఆర్నెల్లు ఏజెంటు లైసెన్సు ఆపేశారు. ఇంకోసారి జరిగితే ఇక దుకాణం కట్టేయాల్సిందే.

ఆయన్ని బయటికి పంపి ఆవిణ్ణి పిలిచాడు.

"మీ టీలో పంచదార?"

"నేను టీ తాగనండి."

"మీ ఆయన టీలో?"

"చెంచాలో సగం. షుగరు వచ్చాక నేనే తగ్గించాను. రెండు చెంచాలు వేస్తున్నాననే అనుకుంటున్నారు ఆయన."

"ఆయన చెప్పుల సైజు?"

"ఎనిమిది. ఎడమ పాదం కొంచెం పెద్దది, కొట్లో ఆ కాలికే తొడిగి చూడాలి."

"ఆయన దేనికి భయపడతారు?"

"బల్లికి. బయట చెప్పుకోరు."

ఏ ప్రశ్నకూ తడుముకోలేదు. ఏజెంటుకు అనుమానం ఇంకా ముదిరింది. ఇంత అప్పజెప్పినట్టు ఎవరు చెబుతారు? ఎవరో దగ్గర కూర్చుని బట్టీ పట్టించినట్టుంది.

"మీ చెల్లెలికి ఆపరేషను దేనికమ్మా?"

ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "గుండె కవాటం మారుస్తారు. వచ్చే నెల ఆరో తేదీ. దానికి నాలుగేళ్లప్పుడు మా అమ్మ పోయింది, అప్పట్నుంచీ నేనే పెంచాను. మత్తు ఇచ్చే ముందు నా మొహం కనిపించాలని అడిగింది."

ఏజెంటు తలుపు తీసి ఆయన్ని మళ్లీ లోపలికి పిలిచాడు. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"ఈ ఫైలు నేను వెయ్యను," అన్నాడు.

"ఏం?" అన్నాడు ఆయన.

"ఆవిడ పాఠం బాగా చదువుకొచ్చారు. మీరు పుస్తకమే తెరవలేదు."

"ఏం పాఠం? ఏం పుస్తకం?"

"అయ్యా, నేను ఈ కుర్చీలో పద్దెనిమిదేళ్లుగా కూర్చుంటున్నాను. నా దగ్గర నాటకాలొద్దు. అక్కడ పట్టుబడితే మళ్లీ పదేళ్లు ఆ దేశం గుమ్మం తొక్కనివ్వరు. అమ్మా, మీ మంచికే చెబుతున్నా. కావాలంటే మీ ఒక్కరి పేరు మీద వెయ్యండి."

"నాకు ఉద్యోగం లేదండి," అంది ఆవిడ. "ఒంటరిగా వేస్తే తిప్పి పంపుతారని ఫోన్లో మీరే చెప్పారు."

"చెప్పాను. అదీ నిజమే."

"ఇవాళ ఫైలు పడకపోతే ఆరో తేదీకి అందుకోలేను."

ఏజెంటు ఆవిడ మొహంలోకి చూడలేక కాగితాలన్నీ ఒక దొంతిగా సర్ది ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

ఆయనకి కోపం వచ్చింది. "ఏమిటండీ మీ అనుమానం? చెంచాలు తెలియకపోతే మొగుణ్ణి కాకుండా పోతానా?"

"చెంచాలే కాదు. కళ్లజోడు తెలీదు, చదువు తెలీదు, మరదలికి ఏం జబ్బో తెలీదు. మీ ఇద్దరికీ ముఖపరిచయమై నెల కూడా అయి ఉండదు. ఇప్పటికైనా ఉన్నమాట చెప్పండి. పెళ్లయి ఎన్నాళ్లయింది?"

ఆయన నోరు తెరిచి, లెక్క తేలక, పక్కకి తిరిగి ఆవిడ వంక చూశాడు.

"ఇరవై ఏడేళ్లు," అంది ఆవిడ.