ఖమ్మం ఒక్కటి బంద్

కోచింగ్ పిల్లలు నలుగురూ అప్లికేషన్లు నింపుకొని వెళ్లేదాకా ఆదినారాయణ ఆన్‌లైన్ సెంటర్ బయటే తచ్చాడాడు. దుకాణం ఖాళీ కాగానే లోపలికి దూరి, జగదీష్ చెవి దగ్గర చెప్పాడు.

“బొమ్మలు అమ్మాలె. చేత్తోటి గీసినయి. కాకపోతే... పెద్దోళ్లు మాత్రమే చూసేటియి.”

కీబోర్డు మీద జగదీష్ వేళ్లు ఆగిపోయాయి. ఖమ్మం బస్టాండు పక్కన పదిహేనేళ్లుగా దుకాణం నడుపుతున్నాడు. పాన్ కార్డులు, హాల్ టికెట్లు, బస్సు రిజర్వేషన్లు, అన్నీ చేశాడు. ఈ బేరం మాత్రం ఇదే మొదలు.

“అంటే బట్టలు లేకుంటనా సార్?”

“జర మెల్లగ అనరాదు!”

ఆదినారాయణ ఇల్లందు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడు. వినాయక చవితికి లడ్డూ వేలంపాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. అలాంటి మనిషి ఇంట్లో, మంచం కింద, పదకొండు బొమ్మలున్నాయి. పదకొండింటిలోనూ ఒకే మనిషి. ఒంటి మీద నూలుపోగు ఉండదు. ముఖం మాత్రం అటు తిప్పి ఉంటుంది.

ఒక్కో బొమ్మకు మూడేసి ఆదివారాలు పట్టింది. తలుపు గడియ పెట్టి గంటలు గంటలు నిలబడేసరికి ఆయనకు మోకాళ్లు పట్టేసేవి. బొగ్గుపొడి ఎగురుతుందని ఫ్యాను వేసుకోవడానికి కూడా లేదు.

నెల కిందట వాటిని వేరే ఊళ్లో ఒక ప్రదర్శనకు తీసుకెళ్తే, నిర్వాహకుడు రెండో బొమ్మకే కవరు మూసేశాడు. “ఈ వయసుల ఇదేం పాడు బుద్ధి?” అన్నాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, వాటిని బొమ్మలుగా చూడాలి. అదీ ఆయన పట్టుదల. ఆ సంగతి ఖమ్మంలో మాత్రం ఎవరికీ తెలియకూడదు. అదీ ఆయన భయం.

“దేంతోటి గీసుడు సార్, రంగులా?” అన్నాడు జగదీష్.

“బొగ్గుకడ్డీలు.”

“బాయిని ఇడిసినా బొగ్గును ఇడువలేదన్నమాట!”

జగదీష్ పకపకా నవ్వాడు. ఆదినారాయణ కూడా నవ్వేసి ఊరుకున్నాడు.

ఫొటోలు పెట్టుకునే యాప్‌లు ఇలాంటివి గంటలో పీకేస్తాయట. ఇక్కడి షాపింగ్ సైట్లు అసలు ముట్టవట. అరగంట వెతికితే ఒక విదేశీ సైటు దొరికింది. బొమ్మ ఫొటో ఎక్కిస్తే చాలు, ప్రింట్లు వాళ్లే తీసి కొన్నవాళ్లకు పంపుతారు. ‘పెద్దలకు మాత్రమే’ అన్న గడిలో టిక్కు కొట్టాలి, అంతే.

“ఆ ప్రింట్లు ఈడ మన ఫ్లెక్సీ షాపుల తియ్యరు గద?”

“విదేశాల్ల తీస్తరు సార్.”

“బతికిచ్చినవ్. మరి ఈడోళ్లకు కనబడకుంట చెయ్యొచ్చా? ఖమ్మం ఒక్కటి బంద్ పెట్టు.”

“జిల్లాలకు లేదు సార్. పెడితే దేశం మొత్తం బంద్ పెట్టాలె.”

“పెట్టు.”

దుకాణానికి ‘నిర్మల ఆర్ట్స్’ అని పేరు చెప్పాడు. పెళ్లాం పేరు మీద దుకాణం పెట్టడం ఊళ్లో కొత్తేం కాదు కాబట్టి జగదీష్ ఆరా తీయలేదు.

“ఒక్క బొమ్మ చూపియ్యరాదు సార్?”

“ఇంటికాడ మేమే ఎక్కిస్తం. నీకెందుకు?”

“ఇద్దరు పిల్లల తండ్రిని సార్!”

“అయితే మరీ వద్దు.”

అంతా అయిపోయిందనుకుంటుంటే చివర్లో ఒక కొర్రీ పడింది. బొమ్మలో ఉన్నది నిజం మనిషైతే ఆ మనిషిది ఆధార్ లాంటి గుర్తింపు కార్డు కావాలి, ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. ఊహించి గీసిందైతే అక్కర్లేదు. జగదీష్ ఆ ఫారం ప్రింటు తీసి, ఇంగ్లీషు పక్కన తెలుగులో కూడా రాసిచ్చాడు.

“ఆ మనిషి ఒప్పుకుంటదా సార్?”

“గదే సమజ్ అయితలేదు,” అన్నాడు ఆదినారాయణ, చెమట తుడుచుకుంటూ.

ఇంటికొచ్చేసరికి నిర్మలాదేవి పప్పుకు తాలింపు వేస్తోంది. దేశం బంద్ సంగతి వినగానే గరిటె కింద పెట్టేసింది.

“మనోళ్లు చూడకుంట అమ్ముడేందయ్యా? మనమేమన్న దొంగతనం జేసినమా?”

“నీకేంది, ఎన్నన్న అంటవ్. రేపు మా బాయి దోస్తు జైరాం చూసిండనుకో. ముఖం లేకపోయినా ఒక్క చూపుల పట్టేస్తడు. ఇరవై ఏండ్లు ఒక్కటే షిఫ్టు, షిఫ్టు దిగితే ఒక్కటే సబ్బు. కాలనీల తలెట్ల ఎత్తుకోవాలె?” ఆదినారాయణ గొంతు తగ్గించాడు. “ఊహ అని రాసిద్దాం నిర్మలా. సంతకాల గోల ఉండదు.”

“ఊహనా?”

చరచరా వెళ్లి మంచం కింద నుంచి ఒక బొమ్మ తెచ్చి ఆయన ముందు పెట్టింది. “చూసి చెప్పు. ఇది ఊహనా?”

ఆదినారాయణ చూశాడు. కిటికీ వెలుతురు, కొంచెం వంగిన భుజం, నడుం దగ్గర వయసు తెచ్చిన మడత. ఏదీ దాచలేదు. అయినా పాడుగా ఏమీ లేదు. ఆ ఒంటి మీద ఎంత ప్రేమ ఉంటే అలా గీత పడుతుందో ఆయనకు అప్పుడే అర్థమైంది.

“గా ప్రదర్శనాయన పాడు బుద్ధి అన్నడు. పోనీ అనుకున్న. నువ్వు గూడ సిగ్గుపడితే ఇగ ఇయి ఎవరి కోసమయ్యా?”

ముప్పై రెండేళ్ల కాపురంలో నిర్మలాదేవి ఆయన్ని దేనికీ బతిమాలింది లేదు. ఆదినారాయణ ఫోను తీశాడు.

“జగదీషూ, దేశం బంద్ తీసెయ్.”

“ఖమ్మం గూడ కనబడ్తది సార్.”

“కనబడనీ.”

“అయితే అక్క ఒప్పుకున్నట్టేనా?”

“నిర్మల ఎప్పుడో తయారు,” అని ఫోను పెట్టేసి, బీరువాలోంచి ఆధార్ కార్డులు, పెన్ను తెచ్చాడు.

‘గీసినవారు’ అన్నచోట నిర్మలాదేవి గుండ్రంగా తన పేరు రాసి పెన్ను అందిస్తే, కింద ‘బొమ్మలో ఉన్నవారు’ అన్నచోట ఆదినారాయణ, పొట్ట లోపలికి బిగబట్టి మరీ, సంతకం చేశాడు.