నాయనమ్మ ముడి

నాబుల్ ఊళ్లో తీజాని కొట్టు నారింజ పూలనీరంటే మాటలు కాదు.

ఒక్క చుక్క కాఫీలో వేస్తే మూడు వీధుల అవతల అలిగి పడుకున్న కోడలు లేచి వచ్చేదట. ఓసారి పాడె మీది ముసలాయన లేచి కూర్చుని, కాఫీ ఎవరు కాచారని అడిగాడట. చెప్పింది తీజాని కాబట్టి సగం తీసేయండి.

మిగతా సగం నిజమే.

ప్రతి సీసా మూతికీ గుడ్డ కప్పి ఖర్జూరపు నారతో కట్టి ఉండేది. మూడు మెలికలు, చివర చిన్న చెవి. అది తన నాయనమ్మ ముడి అనీ, తన ఇంట్లో తప్ప లోకంలో ఎవరికీ రాదనీ తీజాని కొనేవాళ్లందరికీ చెప్పేవాడు.

అసలు ఆ సీసాలు, ముడితో సహా, పన్నెండేళ్లుగా అవతలి పల్లె నుంచి గాడిద మీద తెచ్చిచ్చింది హెదీ. ఎవరు కాస్తారో హెదీ చెప్పలేదు, తీజాని అడగలేదు.

చలికాలంలో హెదీ పోయాడు.

చేదు నారింజ పూత ఉండేది మూడు వారాలు. ఈలోగా నీరు తీయకపోతే ఏడాదంతా కొట్టు ఖాళీ. తీజాని రాగి బట్టీ కొని, పదిమందీ చూసేలా వీధి వైపే పెట్టించి, కాచేవాళ్లు కావాలని చాటించాడు.

పొద్దున్నే ఇద్దరు వచ్చారు. ముందు నిలబడింది మబ్రూకా. ఎడమ చెంప నుంచి మెడ దాకా కాలిన మచ్చ.

"ఏమైందమ్మా అది?"

"బట్టీ మూత ఎగిరిందయ్యా. పూలు మాత్రం మాడనివ్వలేదు."

తీజాని నసిగాడు. కొట్టు ముందు బట్టీ, పెళ్లివాళ్లు వస్తారు, పసిపిల్లలు వస్తారు, చూడగానే కాస్త కళగా ఉండాలన్నాడు.

"బట్టీలో పూలే వేస్తానయ్యా. మొహం వెయ్యను."

ఒక్క వాయి కాచి చూపిస్తానంది. అక్కర్లేదన్నాడు. ఆమె వెనక నిలబడ్డ నూరీ మీసం దువ్వుకుని నవ్వాడు. పని వాడికి దొరికింది.

మబ్రూకా వెంటనే కదల్లేదు. బల్ల మీద మూత తెరిచిన సీసా ఉంది. హెదీ తెచ్చినవాటిలో అదే ఆఖరిది. వాసన చూసి, దీన్ని ఎండలో పెట్టారు, నీడన ఉంచాలంది. గుడ్డ కప్పి, పక్కనున్న నార తీసి గబగబా కట్టేసింది.

నూరీ మీసం వంకే చూస్తున్న తీజాని తల తిప్పలేదు. "సలహాలకు కూలి లేదమ్మా" అన్నాడు.

"ఉంచుకోండి. ఎదురు కొట్టాయన కూడా బట్టీ పెట్టాడు. కళ్లు ఆనవట పాపం. ముక్కు మాత్రం బాగా పనిచేస్తుందట."

జారిన తలగుడ్డను చెంప మీదికి లాక్కోకుండా, వీధికి అడ్డంగా నడిచి వెళ్లింది.

మధ్యాహ్నానికి నూరీ మొదటి వాయి మాడ్చాడు. వీధిలో ఇటు సగం మసి వాసన, అటు సగం పూల వాసన. నిన్నటిదాకా తీజాని కొట్టు వదలని ముసలమ్మలు ఒక్కొక్కరే అటు దాటుతున్నారు.

చివరి ముసలమ్మనైనా ఆపుదామని తీజాని బల్ల మీది సీసా అందుకున్నాడు. నార విప్పబోయిన వేళ్లు ఆగిపోయాయి.

పొద్దున మబ్రూకా కట్టి వెళ్లిన ఆ ముడికి మూడు మెలికలున్నాయి, చివర చిన్న చెవి కూడా.