తైవో చూసొచ్చిన లోకం

"ముందు కెహిందేకు పెట్టి వస్తాను, ఏమనుకోకమ్మా" అంటూ తైవో ఉడికిన బొబ్బర్ల గిన్నెతో తెర వెనక్కి వెళ్లింది.

ఇబిసో ఫోన్‌లో రికార్డింగ్ ఆపింది. ఆమె నైజీరియా దక్షిణాన పోర్ట్ హార్కోర్ట్ పిల్ల, లాగోస్‌లో ఒక నెట్ పత్రికలో పని. ఇగ్బో-ఓరా రావడం ఇదే మొదలు. జంటపిల్లల ఊరని విన్నదే గానీ, బస్సు దిగిన దగ్గర్నుంచి ప్రతి మొహమూ రెండుసార్లు కనబడుతుంటే కళ్లు నులుముకుంటూనే ఉంది.

"మా ఊళ్లో దోమ కూడా ఒంటరిగా రాదమ్మాయ్" అన్నాడు గుమ్మంలో కూర్చుని చెక్క గరిటె చెక్కుతున్న ముసలాయన. తైవో బాబాయి, అకన్బి. "ఒకటి కుడుతుంటే రెండోది చెవిలో పాడుతుంది."

"మరి కెహిందే గారు బయటికి రారా?"

"అది మహా మొండిది. ఎవరెన్ని పలకరించినా ఒక్క మాట రాల్చదు. బొబ్బర్లు మాత్రం ముందు దానికే పెట్టాలి. వాసన చూసి వీధి పిల్లలకు ఇచ్చేస్తుంది. మనసు మంచిదేలే."

తైవో వచ్చి కూర్చుంది. కట్టుకున్న గుడ్డ నీలం మీద పసుపు చుక్కలది, కొత్తది. "ఒకే తానులో ఇద్దరికీ చింపించాను" అంది, ఇబిసో చూపు గమనించి.

తైవో హైస్కూల్లో సైన్సు టీచరు. పదేళ్లుగా యోరుబా భాషలో సైన్సు బ్లాగు రాస్తోంది. ఆ బ్లాగున్న సైటు ఈ నెలాఖరుకు మూతబడుతోంది. రాసిందంతా దాంతోపాటే పోతుంది. తమ పత్రికలోకి మొత్తం తీసుకుంటామని చెప్పడానికే ఇబిసో వచ్చింది.

"పదేళ్లు రాశారు కదా టీచర్, ఏం మిగిలింది?"

"తిట్లు" అంది తైవో. "పిడుగు పడ్డచోట దొరికే రాళ్లు ఆకాశం నుంచి రాలినవి కావు, పాతకాలపు గొడ్డలి రాళ్లు అని రాశాను. ఆ సాయంత్రం మా రేకుల మీద రాళ్లు పడ్డాయి. అవీ ఆకాశం నుంచి పడలేదు."

"ఒకటి నాదే" అన్నాడు అకన్బి, గరిటె మీంచి తలెత్తకుండా.

"తెలుసులే బాబాయ్. గురి తప్పింది అదొక్కటే."

ఇబిసో నవ్వింది. "మీ మొట్టమొదటి వ్యాసం విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించమని. గ్రహాలూ నక్షత్రాలూ వదిలేసి దాంతో ఎందుకు మొదలుపెట్టారు?"

"ముందు చెప్పాల్సింది అదే. నాకు తెలిసేసరికే ఆలస్యమైపోయింది. అయినా చెప్పాను."

"ఇంత తేలిగ్గా రాయడం ఎలా వచ్చింది?"

"ఏది రాసినా ముందు కెహిందేకు చదివి వినిపిస్తాను. ఏడేళ్ల పిల్లకు అర్థం కాదనిపించిన మాట కొట్టేస్తాను. అంతే."

"అక్కకా, చెల్లికా?"

అకన్బి ఉలి పక్కన పెట్టాడు. "మా ఊళ్లో ఏ జంటకైనా ఇవే పేర్లు. ముందు పుట్టింది తైవో, చిన్నది. వెనక పుట్టింది కెహిందే, పెద్దది."

"అదేం లెక్క తాతగారూ!"

"బయట వానొస్తోందేమో చూసిరా అని పెద్దవాళ్లు చిన్నవాళ్లను పంపరూ? కెహిందే లోపల కూర్చుని దీన్ని తోసింది, లోకం ఎలా ఉందో చూసి చెప్పమని. ఇది బయటపడి కేరుమంది. బాగానే ఉంది కాబోలనుకుని అది తీరిగ్గా వచ్చింది. తైవో ఉన్న ఇంట్లో కెహిందే ఉండి తీరాలి. లేకపోతే మేం ఊరుకోం."

"నా మాట నమ్మి వచ్చింది" అంది తైవో. ఆమె నవ్వలేదు.

ఇబిసో కాస్త ముందుకు జరిగింది. "టీచర్, మా ఎడిటర్ షరతు ఒకటుంది. చివరగా ఒక వ్యాసం కావాలి. చిన్నది పెద్దదవడం, బొబ్బర్లు పెట్టడం, ఇంకా మిగతావీ... జంటపిల్లల ఆచారాలన్నీ ఉత్త మూఢనమ్మకాలని మీ చేత్తో రాయాలట. ఈ ఊరివాళ్లే రాస్తే సంచలనం అంటాడు."

"అది రాయను."

"దేన్నీ వదల్లేదు మీరు! దీన్నొక్కదాన్నే ఎందుకు?"

"రాసింది కెహిందేకు చదివి వినిపించాలి కదా."

"ఆవిడకు నేను నచ్చజెబుతాను. లోపలికి వెళ్లనా?"

తైవో తలూపింది.

ఇబిసో చెప్పులు విడిచి తెర పక్కకు తీసింది. గడప మీదే చాలాసేపు నిలబడిపోయింది. తిరిగి వచ్చాక ఎవరి మొహమూ చూడకుండా ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. "కాదు సార్... ఆవిడ చేత అది రాయించడం తప్పు సార్..." అన్న మాటలు వినబడ్డాయి. మళ్లీ వచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది.

"ఎడిటర్ ఒప్పుకోలేదు టీచర్."

"పోనీలే అమ్మా. ఆ ఉప్పూ పంచదారా నీళ్ల వ్యాసం ఒక్కటి పట్టుకుపో. ఎక్కడైనా వెయ్యి, ఎవరి పేరుతోనైనా వెయ్యి. మిగతాది పోతే పోయింది."

ఇబిసో వంగి ఆమె మోకాళ్లు తాకింది. అకన్బి ఆమెను బస్సు దాకా దిగబెట్టడానికి లేచాడు. దారంతా ఒక్క కోత కూడా కోయలేదు.

తైవో తెర వెనక చాప మీద కూర్చుని, బ్లాగుకు రాసిన చివరి మాటలు చదివి వినిపించింది. "చూసి చెప్పమన్నావు. చూసినంత చెప్పాను. ఇకమీదట రాయను, నీకొక్కదానికే చెబుతాను."

ఆ తర్వాత అరచేతిలో పామాయిల్ పోసుకుని కెహిందే తలకు పట్టించింది.

ఏడేళ్లకే పోయిన పిల్లకు బదులుగా చెక్కిన చెక్కబొమ్మ కదా, నూనె చప్పున పీల్చుకుంది.