ఎదురు డాబా మీది మనిషి

ఎదురు డాబా మీద ఆ మనిషి మళ్లీ చేతులు చాపి నిలబడ్డాడు.

నుజహత్‌కు ఒళ్లు జలదరించింది.

సైదాబాద్‌లో ఆ గల్లీ ఎంత ఇరుకంటే, ఆ డాబా మీద తుమ్మితే ఈ డాబా మీద వినిపిస్తుంది. ఆ మనిషి మాత్రం తుమ్మడు, దగ్గడు, కదలడు. చేతుల కింద నల్లగా ఏదో గబ్బిలం రెక్కల్లా వేలాడుతుంటుంది. మొహం సూటిగా ఆమె వైపే.

మొదట్లో ఎదురింటి పక్కనున్న వీధిలైటు ఆమె ప్రాణం తీసేది. ఒక రాత్రి విసుగెత్తి గట్టిగానే తిట్టింది. మర్నాటి నుంచి ఆ వెలుగు కంట్లో పడలేదు, బల్బు మాడినట్టుంది. ఆ పీడ పోయిందనుకుంటే ఈ పీడ పట్టుకుంది.

భయాన్ని దిగమింగి టెలిస్కోపు మీదికి వంగింది. పగలు కాలేజీలో ఫిజిక్సు పాఠాలు, రాత్రి ఈ పిచ్చి.

దక్షిణాన ఒక నక్షత్రం కొన్నాళ్లుగా వెలుగు పెంచుకుంటోంది. ఆ గొప్ప దానిది కాదు. కంటికి ఆనని మరో మసక నక్షత్రం దాని ముందు నుంచి పోతూ, తన బరువుతో ఆ వెలుగును వంచి మనవైపు పోగేస్తోంది. ఆ మసక నక్షత్రానికి గ్రహం ఉంటే, కాసేపు వెలుగు ఇంకాస్త ఎగసి తగ్గుతుంది. ఒక్కసారే. మళ్లీ రాదు.

అది రేపు రాత్రి కావచ్చని, ఆమెతో కలిసి ఆ నక్షత్రాన్ని గమనిస్తున్న విదేశాల్లోని జట్టు కబురు పంపింది. అప్పుడు వాళ్లకు పగలు. నుజహత్ ఒక్కతే దిక్కు.

తెల్లారి తమ్ముడు ఉజైర్‌తో గోడు వెళ్లబోసుకుంది. వాడు సర్రున ఎదురింటికి పోయాడు. పాలమ్మే రాజమణి ఇల్లది. డాబా ఎక్కేది ఈమధ్యే వచ్చిన ఆమె తండ్రి, బాలనర్సింహ.

“మీ బాపు రోజూ మా అక్కనే చూస్తుండు. ఇంకోసారి పైకెక్కితే మంచిగుండదు.”

రాజమణి ఏదో చెప్పబోయింది. వినే ఓపిక వాడికి లేదు.

ఆ రాత్రి ఎదురు డాబా ఖాళీ. నుజహత్ హాయిగా ఊపిరి పీల్చుకుని కెమెరా బిగించింది.

అంతా తెల్లటి మసక.

తలెత్తింది. వీధిలైటు సూటిగా గొట్టంలోకే కొడుతోంది. బాగుచేసేవాళ్లకు ఈ రాత్రే దొరికిందా అని ఏడుపొచ్చింది. దుపట్టా అడ్డం కడితే గాలి ఊడబీకింది. తెల్లారేదాకా తిప్పలు పడింది. ఒక్క ఫొటోలోనూ నక్షత్రం లేదు. గ్రహం ఉందో లేదో ఇక ఎవరికీ తెలియదు.

పొద్దున పాలకు పోయి, ఆ లైటును ఎవరు బాగుచేశారని రాజమణిని అడిగింది.

“అదెప్పుడు ఖరాబైంది చెల్లె? రోజూ ఎలుగుతనే ఉంది. నువ్వు తిడుతుంటే మా బాపు ఇన్నడు. ఆ దినం నుంచి నీ తలుపు చప్పుడైతే చాలు, గొంగడి పట్టుకుని పైకి పోతుండె. కడితే గాలికి పడిపోతదని, తానే పట్టుకుని అడ్డం నిలవడుతుండె.”

దండెం మీద నల్ల గొంగడి వేలాడుతోంది. నుజహత్ దాన్ని చూసి సిగ్గుతో తల దించుకుంది.

“పిలువక్కా. మాఫీ అడగాలె.”

“లేడు. పొద్దుగాల్నే మా అన్న మలక్‌పేటల తన ఇంటికి తీస్కపోయిండు.”

“మరి నా దిక్కే ఎందుకు చూస్తుండె?”

రాజమణి పాలు పోస్తూ మెల్లగా అంది.

“చూపున్నోళ్లన్న మంచిగ చూడనియ్యి అంటుండె, చెల్లె. ఆయనకు కండ్లు పోయి పదేండ్లాయె.”